జెర్డను దొర

కలకడకు ఉత్తరమున రాయచోటి, రాయచోటికి ఆవల కడప, కడపకు ఆవల పెన్నానది. ఈ దారి పొడవునను కొండల పాదములందు రాళ్లతోను ముండ్లపొదలతోను నిండిన నేలలు కనబడుచుండును. రేగు, తుమ్మ, చండ్ర, కలివి మున్నగు పొదలు అచ్చటచ్చట గుంపులుగా పెరిగి, నడుమ నడుమ బోసినేలను విడిచియుండును. పంట పండని ఈ నేలను చూచి బాటసారులు ఇది పనికిరాని చోటని తలంతురు. మేకల కాపరులును, కట్టెలు కొట్టువారును తప్ప అందు అడుగు పెట్టువారు అరుదు. కడప మండలమునందలి ఇట్టి నేలలలోనే, ప్రపంచమున ఇంచుమించు మరెక్కడను కానరాని పక్షి యొకటి కలదు. జనులు దానిని కలివికోడి యందురు. దాని ఉనికిని మొట్టమొదట శాస్త్రలోకమునకు ఎరిగించినవాడు ఒక సైనిక వైద్యుడు. అతడే థామస్ కావర్‌హిల్ జెర్డను.

జెర్డను 1811వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమునందలి డర్హాము మండలమున జన్మించెను. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించెను. ఆనాడు వైద్యము చదువువారు చెట్లను గూర్చియు, జంతువులను గూర్చియు కొంత నేర్చుకొనవలసి యుండెను. మందులలో పెక్కు మొక్కలనుండియే గదా లభించుచుండెను! పరీక్షలు ముగిసిన పిదప ఆ పాఠములను మరచిపోవుట సహజము. జెర్డను మరువలేదు. 1835లో అతడు ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడుగా చేరి, మరుసటి సంవత్సరము ఫిబ్రవరి నెలలో చెన్నపట్టణమున ఓడ దిగెను. అప్పటికి అతని వయస్సు ఇరువదినాలుగేండ్లు.

మొదట అతనిని గంజాం ప్రాంతమునకు పంపిరి. అచ్చటి సైనికులు జ్వరములతోను, గ్రహణితోను మంచము పట్టియుండిరి. చలిజ్వరమునకు దోమకాటు కారణమను సంగతి ఆనాడు ఏ వైద్యునకును తెలియదు. అది మన సికింద్రాబాదులో రోనాల్డు రాసు పరిశోధనల వలన 1897లో గాని వెలుగునకు రాలేదు. కనుక ఆ యువవైద్యుడు చేయగలిగినది స్వల్పము. పగలంతయు రోగులను చూచుటయు, తీరిక దొరకినపుడు తూర్పు కనుమల అడవులలో తిరిగి పక్షులను పరిశీలించుటయు అతని దినచర్య యయ్యెను.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. ఆ కాలమున పక్షిని పరిశీలించుట యనగా దానిని తుపాకితో కొట్టుటయే. దూరపు వస్తువును దగ్గరగా చూపు మంచి అద్దములు అప్పటికి లేవు, ఛాయాచిత్రములు లేవు. చంపిన పక్షి చర్మమును ఈకలతో సహా ఒలిచి, లోపల పాషాణము పూసి, దూది కూరి భద్రపరచెడివారు. జెర్డను గూడ అట్లే చేసెను. మనకిది నేడు క్రూరముగా తోచును. ఆ తలపు తప్పు కాదు. కాని అట్లు భద్రపరచిన చర్మముల మూలముననే ఏ పక్షి ఏ కాలమున ఎచ్చట నుండెనో తరువాతివారు తెలిసికొనగలిగిరి.

జెర్డను తాను సేకరించిన పక్షిచర్మములను పెట్టెలలో సర్ది, స్కాట్లండులోని సర్ విలియం జార్డైన్ అను పక్షిశాస్త్రవేత్త యొద్దకు పంపెను. తన పక్షుల పేర్లను ఆ పెద్దమనిషి నిర్ణయించునని అతని ఆశ. సూయజు కాలువ ఇంకను లేదు. ఓడలు ఆఫ్రికా ఖండమును చుట్టుకొని నెలల తరబడి ప్రయాణము చేయుచుండెను. పెట్టెలు గమ్యము చేరునప్పటికి చర్మములను చిమ్మటలు తినివేసియుండెను. ఎండలో వానలో తిరిగి కూర్చుకొన్న శ్రమ యంతయు పొడియై పోయెను.

ఇంకొకడైనచో ఇంతటితో ఆ పని మానుకొని యుండెడివాడేమో. జెర్డను వేరొక నిశ్చయమునకు వచ్చెను. వేలమైళ్ల దూరమున గ్రంథాలయములో కూర్చున్నవాడు చచ్చిన పక్షిని చూచి చెప్పుదానికంటె, బ్రతికియున్న పక్షిని దాని చెట్టుమీదనే చూచిన తాను చెప్పునది తక్కువది కాదని అతడు గ్రహించెను. అటుపిమ్మట తన పక్షులను తానే గుర్తించి, తానే వర్ణించి వ్రాయసాగెను. 1839వ సంవత్సరము మొదలు చెన్నపట్టణపు శాస్త్రసాహిత్య పత్రికలో దక్షిణ భారతదేశపు పక్షుల పట్టికను భాగములుగా ప్రకటించెను. అందు సుమారు 420 జాతుల పక్షులు చోటు చేసికొనెను. అప్పటికి అతడు గుర్రపుదండుకు వైద్యుడుగా నుండి, తిరుచిరాపల్లి నుండి దక్కనులోని జాల్నా వరకు దండుతోపాటు పయనించియుండెను. దండు నడిచిన దారియే అతనికి పాఠశాల.

1841లో జెర్డను నీలగిరులలో ఫ్లోరా యను యువతిని వివాహమాడెను. ఆమెకు మొక్కలయందు, అందును చెట్లకొమ్మల నంటుకొని పూయు ఆర్కిడ్ పూలయందు మిక్కిలి మక్కువ. అనంతరము కొంతకాలమునకు అతడు నెల్లూరు మండల వైద్యుడుగా నియమింపబడెను. తెలుగువారమైన మనకు అతని జీవితమున ముఖ్యమైన ఘట్టము ఇదియే.

నెల్లూరు మండలమున యానాదులు నివసించుచుందురు. అడవియే వారికి ఇల్లును, వంటశాలయు, ఔషధశాలయు. ఏ పుట్టలో ఏ జంతువున్నదో, ఏ కూత ఏ పక్షిదో, ఉచ్చు ఎచ్చట పన్నవలెనో వారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. ఆ రోజులలో అధికారులు చాలమంది వారిని అనాగరికులుగా ఎంచి దూరముగా ఉంచెడివారు. జెర్డను వారిని దగ్గరకు తీసెను. వారు పట్టి తెచ్చిన పక్షిని చూచుచు, దానిని వారేమని పిలుతురో అడిగి వ్రాసికొనెడివాడు. అతని గ్రంథములను నేడు తెరచి చూచినను, లాటిను పేర్ల ప్రక్కనే పాలపిట్ట, బట్టమేక వంటి మన పేర్లు ఇంగ్లీషు లిపిలో కానవచ్చును. దొర చెవికి వినబడినట్లు వ్రాయుటచే కొన్ని వింతగానే యుండును. అయినను అవి మన పేర్లే. అదే కాలమున అదే రాజధానిలో సి.పి. బ్రౌను దొర తెలుగు పదములను ఏరి నిఘంటువు కూర్చుచుండెను. ఒకరు పదములను, మరియొకరు పక్షులను సేకరించిరి. ఇరువురును పల్లెజనుల నోటినుండియే తమ పనికి కావలసినది గ్రహించిరి.

నెల్లూరు, కడప మండలముల నడుమ నున్న కొండ ప్రాంతమునందే జెర్డనునకు కలివికోడి లభించెను. అది సుమారు 27 సెంటీమీటర్ల పొడవుండు పక్షి. ఒడలు గోధుమవన్నె. కనుబొమల చోట వెడల్పైన తెల్లని చార. గొంతున ఇటుకరంగు మచ్చ. రొమ్మున హారములవలె రెండు పట్టెలు. ముక్కు మొదట పసుపు, కొనయందు నలుపు. దేహమునకు మించినవని తోచునంత పెద్ద కన్నులు. జెర్డను పంపిన ప్రతిని చూచి, కలకత్తాలోని ఆసియా సంఘపు వస్తుప్రదర్శనశాలాధికారి ఎడ్వర్డు బ్లైతు 1848లో దానిని కొత్త జాతిగా ప్రకటించి, రెండు కంఠహారములు గలదను అర్థమిచ్చు లాటిను నామము నొసగెను. లోకమంతట మాత్రము అది జెర్డను పేరుతోనే ప్రసిద్ధి చెందినది. ఆ పక్షి మైదానములందు గాక, పలుచని పొదలు గల రాతినేలలందే చిన్నగుంపులుగా తిరుగునని జెర్డను స్పష్టముగా వ్రాసియుంచెను. తరువాతివారికి ఈ సమాచారమే దారి చూపెను.

ఆ దశాబ్దమునందే భూమికి ఉత్తరపు కొసన జరిగిన మరియొక సంగతిని ఇచ్చట తలచుకొనుట తగును. ఉత్తర అట్లాంటికు సముద్రమున గ్రేట్ ఆక్ అను పెద్ద సముద్రపక్షి యుండెడిది. దానికి ఎగురుట రాదు. నీటిలో మాత్రము చేపవలె ఈదును. ఏటికొక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. మాంసముకొరకు, నూనెకొరకు, ఈకలకొరకు నావికులు దానిని వేలసంఖ్యలో చంపిరి. అరుదైన కొలది దాని వెల పెరిగెను. చర్మములను సేకరించు ధనికులు ఎంతయైన ఇచ్చుటకు సిద్ధపడిరి. 1844లో ఐస్‌లాండు సమీపమునందలి ఎల్డే యను రాతిదీవిపై, లోకమునకు తెలిసిన చివరి జంటను వేటగాండ్రు చంపివేసిరి. ఆనాటి సేకర్తల చేతిలో తుపాకి రెండువైపుల పదునుగల కత్తి వంటిది. ఒకచోట కొత్త పక్షిని లోకమునకు చూపినది, వేరొకచోట ఉన్న పక్షిని లేకుండ చేసినది.

నెల్లూరులో నున్న కాలముననే జెర్డను భారతదేశపు పక్షుల చిత్రములను గూర్చిన గ్రంథమును వెలువరించుట మొదలిడెను. 1843 మొదలు 1847 వరకు వెలువడిన ఆ గ్రంథమున 50 రంగుల చిత్రములు గలవు. వానికి మూలచిత్రములు గీసినవారు భారతీయ చిత్రకారులే. ఆ చిత్రముల సొగసును పాశ్చాత్యులు గూడ మెచ్చుకొనిరి. పిదప అతడు మలబారు తీరమున తలచ్చేరిలోను, మధ్యభారతమున సాగరులోను పనిచేసెను. చీమలను గూర్చియు శ్రద్ధగా వ్రాసెను. మిడుతవలె ఎగిరి దుముకు ఒక చీమను లోకమునకు తెలిపినవాడును అతడే. పాములు, చేపలు, క్షీరదములు - అతడు తడవని జీవవర్గము లేదనవచ్చును.

ఇరువదియైదు సంవత్సరములు తిరిగిన పిమ్మట 1861 ప్రాంతమున అతడు ఆరోగ్యము చెడి డార్జిలింగు చేరెను. ఆనాటి గవర్నరు జనరలు కానింగు ప్రభువు అతని కృషిని ఎరిగి, వైద్యపు పనినుండి తప్పించి, భారతదేశపు పక్షులన్నింటిని గూర్చి గ్రంథము వ్రాయుటకు ప్రత్యేకముగా నియమించెను. 1862 మొదలు 1864 వరకు ఆ గ్రంథము వెలువడెను. అందు 1008 జాతుల పక్షులు వర్ణింపబడినవి. అంతకు ముందు ఈ దేశపు పక్షిని గుర్తింపదలచినవాడు పత్రికలలో చెల్లాచెదరుగా పడియున్న వ్యాసములను వెదకికొనవలసి యుండెను. ఇప్పుడు దండులో నుండు చిన్న ఉద్యోగి సహితము తన గుడారములో కూర్చుండి, ఎదుట వ్రాలిన పిట్ట ఏదో తెలిసికొనగలిగెను. పిమ్మట అతడు క్షీరదములను గూర్చి గూడ గ్రంథము వ్రాసి 1867లో ముద్రింపించెను. 1868లో ఉద్యోగమునుండి విరమించినను వెంటనే స్వదేశమునకు పోక, అస్సాము వైపు తిరుగుచు తీవ్రమైన జ్వరము పాలయ్యెను. 1870లో ఇంగ్లండు చేరి, 1872 జూను 12వ తేదీన మరణించెను. అప్పటికి అతనికి అరువదియేండ్లు.

జెర్డను కథ ఇంతటితో ముగియలేదు. అతని పక్షి కథ మిగిలియున్నది.

భూగర్భశాస్త్రవేత్త బ్లాన్‌ఫోర్డు 1867లో సిరొంచ యొద్దను, 1871లో భద్రాచలము యొద్దను కలివికోడిని చూచెను. 1900లో అనంతపురము సమీపమున పెన్నాలోయలో అది మరల కనబడెను. అటుపిమ్మట దాని జాడ తెలియరాలేదు. సలీం అలీ మున్నగు ప్రసిద్ధులు వెదకి విఫలులైరి. గ్రేట్ ఆక్ వలె ఇదియు అంతరించినదని చాలమంది నిశ్చయించుకొనిరి.

ఎనుబదియారేండ్ల తరువాత, 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన పరిశోధకుడు భరత్ భూషణ్ చిత్రపటములను చేతబట్టి కడప మండలపు పల్లెలలో తిరుగుచు, వేటగాండ్రను, కాపరులను విచారించెను. సిద్ధవటము సమీపమున రెడ్డిపల్లె యొద్ద స్థానికుడైన వేటగాడొకడు ఆ పటమును గుర్తించి, ఒక రాత్రి దీపపు వెలుగున ఆ పక్షిని ప్రాణముతో పట్టి తెచ్చెను. పక్షి బ్రతుకలేదు గాని, జాతి బ్రతికియున్నదని తేలెను. ఇన్నాళ్లు అది కనబడకపోవుటకు ముఖ్యకారణము గూడ తెలిసినది. కలివికోడి రాత్రించరము. పండితులు పగటిపూట వెదకిరి! ఆ పెద్ద కన్నులు చెప్పుచున్న సంగతిని పుస్తకము చదివినవారికంటె అడవివారే ముందు గ్రహించిరి. ఎనుబదితొమ్మిదేండ్ల వయస్సున సలీం అలీ ఆ వార్త విని సంతసించెను. 1988లో ఆ ప్రాంతము శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటింపబడెను.

తరువాతి పరిశోధకులు పక్షిని చంపలేదు, పట్టలేదు. పొదల నడుమ మెత్తని మన్ను పట్టెలుగా పరచి, తెల్లవారినంతనే వచ్చి అడుగుజాడలను కొలిచిరి. రాత్రులందు తమంతట తామే చిత్రము తీయు యంత్రములను అమర్చిరి. సంధ్యవేళ దాని కూతను పట్టిరి. రెట్టలను పరీక్షించి అది చెదలను, చీమలను తినునని కనుగొనిరి. రెండు మీటర్లకు మించిన పొదలు ఎకరమునకు సుమారు 120 మొదలు 280 వరకు గల నేల దానికి అనుకూలమని లెక్క తేల్చిరి. పొదలు పూర్తిగా కొట్టివేసినచో అది యుండదు. పొదలు దట్టమై అడవిగా మారినను ఉండదు. మితముగా మేయు మేకలు దానికి శత్రువులు కావు. పొక్లెయిను యంత్రములు, నిమ్మతోటలకై చదును చేయు నేలలు శత్రువులు. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పక్షి నివాసములోనికే చొచ్చుకొని రాగా, శాస్త్రజ్ఞులు మొరపెట్టుకొనిరి. తుదకు కాలువ మార్గము మార్చబడెను. రాయలసీమకు నీరు ఎంత అవసరమో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. నీటికై ఎదురుచూచు రైతును, పొదలో దాగిన పక్షిని ఒకే త్రాసులో తూచవలసి వచ్చుట సులభమైన పని కాదు. మార్గమును కొంత మార్చిన మాత్రమున రెండును నిలుచుట ఆనాడు సాధ్యమయ్యెను.

ఉత్తరధ్రువ ప్రాంతమున పరిస్థితి ఇంత సులభముగా లేదు. చలికాలమున నెల్లూరు తీరమున పులికాటు సరస్సు బురదలో పరుగులిడు ఉలంక జాతి చిన్నపిట్టలను చూచియుందురు. వానిలో కొన్ని సైబీరియా ఉత్తరపు కొసనుండి వచ్చునవి. మంచు కరగి పురుగులు పుట్టు కొద్ది వారములలోనే అవి గ్రుడ్లు పొదిగి పిల్లలను పెంచుకొనవలెను. 1979 మొదలు నేటివరకు ఉత్తరధ్రువ ప్రాంతము, భూమి మొత్తము మీది సగటుకంటె దాదాపు నాలుగురెట్లు వేగముగా వేడెక్కినది. మంచు ముందుగా కరగుచున్నది, పురుగులు ముందుగా పుట్టుచున్నవి. పిల్లలు గ్రుడ్డు పగులగొట్టుకొని వచ్చునప్పటికి మేత తరుగుచున్నది. అలాస్కా తీరపు చిన్నదీవి యొకదానిపై 1975 మొదలు ఏటేట సముద్రపక్షుల గూళ్లను లెక్కించుచు వచ్చిరి. మంచుగడ్డల క్రింద బ్రతుకు చేపయే ఆ పిల్లలకు మేత. మంచు దూరమైన కొలది చేపయు దూరమై గూళ్లు తగ్గినవి. కాలువను ప్రక్కకు త్రిప్పినట్లు సముద్రపు వేడిని ప్రక్కకు త్రిప్పుటకు వీలులేదు. ఆ మార్పును కొలుచుటకు సైతము పూర్వము ఎవరో ఒకరు ఓపికతో వ్రాసియుంచిన లెక్కయే ఆధారము. జెర్డను మన దేశమునకు అట్టి లెక్కను మిగిల్చి పోయెను.

2013లో స్కాట్లండులోని ఆబర్డీను విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో, చాలకాలముగా ఎవ్వరును పట్టించుకొనని పెట్టెలో ఒక గ్రుడ్డు బయటపడెను. శాస్త్రజ్ఞులు పరీక్షించి అది కలివికోడి గ్రుడ్డే యని నిర్ధారించిరి. 1917 ప్రాంతమున, బంగారు గనులలో పనిచేయు పశువైద్యుడొకడు దానిని సేకరించెను. సేకరించిన చోటు కోలారు బంగారుగనులు, అనగా మన కుప్పమునకు ఇరుగుపొరుగు. ఒకప్పుడు ఆ పక్షి కడప కొండలలోనే గాక ఈ వైపునను తిరిగియుండెనన్నమాట.

ఈ శతాబ్ది మొదటి దశాబ్దము గడచిన పిదప కలివికోడి మరల కంటికి దూరమయ్యెను. ఏండ్ల తరబడి వెదకినవారు వట్టిచేతులతో తిరిగివచ్చిరి. 2025 ఆగస్టు నెలలో పక్షిప్రియులు కొందరు కడప మండలపు పొదలలో చీకటివేళ చెవి యొగ్గి నిలిచిరి. రెండక్షరముల ఆ కూత పొదలలోనుండి మరల మరల వినవచ్చెను. వారు దానిని యంత్రమున పట్టి భద్రపరచిరి.